చందా కట్టి చదివిన రేడియో

గాలిలో ఊరికే వచ్చే మాటను పట్టుకుని, దానికి తాళం వేసి, తాళంచెవి అమ్ముకోవచ్చని మా సార్‌కి ఎలా తట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు. రేడియో వార్తలు ఎవరైనా వినవచ్చు. టీ బంకు దగ్గర నిలబడి వినవచ్చు, పక్కింటి కిటికీలోంచి వినవచ్చు. అలాంటి వార్తల్ని ఇంటర్నెట్లో పెట్టి, చందా కట్టినవాళ్ళకే పాస్‌వర్డ్ ఇస్తానని ఆయన భవానీపురంలో ఒక మేడ మీద గది తీసుకున్నాడు. రెండువేల తర్వాత వచ్చిన తొలి సంవత్సరాలవి. విజయవాడలో ప్రతి సందులోనూ నెట్ సెంటర్ తెరుస్తున్నారు. కంప్యూటర్ కొన్న ప్రతివాడూ తనను తాను పత్రికాధిపతి అనుకుంటున్నాడు.

అంతకుముందు ఆయనకు గవర్నరుపేటలో క్యాసెట్ రికార్డింగ్ షాపు ఉండేది. కావలసిన పాటలు రాసిస్తే ఖాళీ క్యాసెట్లో ఎక్కించి ఇచ్చేవాడు. తొంభైలలో ఆ షాపు ముందు నిలబడడానికి చోటుండేది కాదంటారు. సీడీలు వచ్చి ఆ వ్యాపారాన్ని మింగేశాయి. ఆయనకు మిగిలినవి కొన్ని టేప్‌రికార్డర్లు, రేడియో స్టేషన్ చుట్టూ తిరిగేవాళ్ళతో పరిచయాలు, తనకు తెలియని విషయమంటూ లేదన్న నమ్మకం. టేప్‌రికార్డర్లు అరిగిపోయాయి గానీ ఆ నమ్మకం అరగలేదు.

వెబ్‌సైటులో రేడియో కబుర్లన్నీ ఉంటాయని ప్రచారం చేశాడు. రేపు ఏ కార్యక్రమం ఉంది, కొత్తగా వచ్చిన అనౌన్సర్ ఎవరు, ఏ ఊళ్ళో శ్రోతల సంఘం సమావేశం పెట్టుకుంది, ఇలాంటివి. వీటన్నిటికన్నా పైన, మధ్యాహ్నం ప్రాంతీయ వార్తలు ఉన్నవి ఉన్నట్టు. బ్యారేజీ గేట్లు ఎత్తారా, బందరు కాలువకి నీళ్ళు ఎప్పుడు వదులుతారు, ఏ రోడ్డు మీద రాకపోకలు ఆగాయి. హైదరాబాదులోనూ మద్రాసులోనూ ఉద్యోగాలు చేసుకునే డెల్టా వాళ్ళు ఎగబడి చేరతారని ఆయన అంచనా. కొందరు నిజంగానే చేరారు. సొంత ఊరి కాలువలో నీళ్ళున్నాయో లేదో తెలుసుకోవాలని ఎవరికుండదు?

ఆ వార్తలు విని రాసే పని నాది.

నాకు ఆ ఉద్యోగం రావడానికి తెలుగు టైపింగ్ ఒక్కటే కారణం కాదు. మా చర్చి సంఘంలో ఒక అలవాటు ఉండేది. ఆదివారం ఆరాధన అయిపోయాక ఒక సంఘపెద్ద పిల్లలందరినీ చాప మీద కూర్చోబెట్టి, పాస్టరు గారు ఆ రోజు ఏం చెప్పారో తిరిగి చెప్పమనేవారు. మరిచిపోతే ఏమీ అనేవారు కాదు. సొంత మాట కలిపితే మాత్రం అక్కడే ఆపేసేవారు. "అది పాస్టరు గారన్నారా, నువ్వన్నావా?" అని అడిగేవారు. ఎవరన్నారో తేలేదాకా ముందుకు పోనిచ్చేవారు కాదు. విన్నదానికి తన మాట కలిపేవాడు దొంగసాక్షి అని మాకు నేర్పారు. దేవుని వాక్యం విషయంలో అలా పెరిగినదాన్ని, కాలువ నీళ్ళ విషయంలో మరోలా ఉండలేను కదా. ఉద్యోగానికి వెళ్ళిన రోజున సార్ ఒక వార్తల క్యాసెట్ వినిపించి ఆపేశాడు. విన్నది మొత్తం చెప్పాను. ఆయన క్యాసెట్ బయటికి తీసి, "అయితే మనకి కొత్త టేప్‌రికార్డర్ కొనక్కర్లేదు" అన్నాడు. ఆయన నోటి నుంచి నేను విన్న ఒకే ఒక మెప్పు అది.

మర్నాటి నుంచి నన్ను "సిస్టర్ గారూ" అని పిలవడం మొదలుపెట్టాడు. మా మందిరంలో ఆ మాటకి అర్థం వేరు. ఆయన నోట్లో అది వెక్కిరింత. నేను భోజనానికి ముందు కళ్ళు మూసుకుంటే ఎదుటివాళ్ళకి సైగ చేసి నవ్వేవాడు. నేను పట్టించుకోలేదు. నేను కళ్ళు మూసుకునేది ఆయన కోసం కాదు.

ఆ రోజుల్లో మా పేజీ తెలుగులో కనపడాలంటే కంప్యూటర్లో మా ఫాంటు వేసుకోవాలి. వేసుకోకపోతే తెర నిండా అర్థంలేని గుర్తులు వస్తాయి. చందా కట్టినవాళ్ళు సగంమంది, మమ్మల్ని మోసం చేశారు మొర్రో అని ఫోన్ చేసేవాళ్ళు. అలా ఫాంటు కోసం ఫ్లాపీ పట్టుకుని కొండపల్లి నుంచి భార్యాభర్తలిద్దరు మా మేడ ఎక్కారు. ఆయన థర్మల్ పవర్ స్టేషన్లో పనిచేసి రిటైరైన మనిషి. పలకరింపే గది దద్దరిల్లేలా ఉంది. సార్ చిరాగ్గా చూశాడు. ఆవిడ చప్పున అందుకుంది.

"ఏమనుకోకండి. జ్వరమొచ్చి మా ఆయనకి చెవులు పోయినయ్యండి. తన గొంతు తనకే వినపడదు."

ఆవిడది బందరు అవతల సముద్రం ఒడ్డు పల్లె. పుట్టింటివాళ్ళందరూ చేపల వేటకి వెళ్ళేవాళ్ళే. అందుకని చిన్నప్పటి నుంచీ గాలి, వాన, సముద్రం కబురు ఏది వచ్చినా వినడానికి రేడియో దగ్గర కూర్చోవడం అలవాటట. పెళ్ళయ్యాక ఆయనకీ ఆ అలవాటు అంటుకుంది. ఇద్దరూ మధ్యాహ్నం వార్తలు విని, ఆ వార్తల మీద సాయంత్రం దాకా వాదించుకునేవాళ్ళట. ఆయనకి చెవులు పోయాక ఆ వాదన ఆగిపోయింది.

"పెదాలు చూసి కొంచెం పోల్చుకుంటారండి," అంది. "ఏ సంగతో ముందు తెలిసుంటే చాలు, మాట అందుకుంటారు. తెలీకపోతే నేనెంత అరిచినా గోడకి చెప్పినట్టే. ఇప్పుడు నేను మధ్యాహ్నం వింటానా, సాయంత్రం ఆయన నెట్ సెంటర్లో మీ కాగితం ప్రింటు తీయించి తెచ్చుకుని చదువుతారు. ఇంక మా కబుర్లకి అంతుండదు."

ఆయన ఆవిడ పెదాల వంక చూస్తూ కూర్చుని, "ఏం చెబుతుందండీ నా మీద?" అని నన్ను అడిగాడు. నేను ఒక కాగితం మీద, మీరు బాగా వాదిస్తారని చెబుతున్నారు అని రాసి ఇచ్చాను. "వాదన కాదమ్మా, నేను నిజం చెబుతా, ఆవిడ ఒప్పుకోదు" అన్నాడు, వీధిలోవాళ్ళకి కూడా వినపడేలా.

వాళ్ళు ఫ్లాపీ తీసుకుని వెళ్ళిపోయారు. ఒక ఇంట్లో మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోవడానికి నేను రాసే కాగితం ఆధారమని అప్పుడే తెలిసింది. ఆ రాత్రి ప్రార్థనలో మొదటిసారి ఆ ఉద్యోగం కోసం దేవునికి కృతజ్ఞత చెప్పాను. అంతకుముందు దాన్ని నెల జీతం అనుకున్నాను, అంతే.

తర్వాత విజయవాడకి ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్లు వచ్చాయి. వాటికి వార్తలు చెప్పే అనుమతి లేదు. లేకపోవడమే మేలయింది. వాటిలో మాట్లాడే పిల్లలు పొద్దుటి నుంచి రాత్రి దాకా ఏమీ చెప్పకుండా మాట్లాడగలరు. ఒక్క క్షణం ఊరుకుంటే ప్రాణం పోతుందన్నట్టు నవ్వు, కేక, మళ్ళీ నవ్వు. దేవుడు ఒకసారి ఇటు వంగి వింటే, మనిషికి మాట ఎందుకిచ్చానా అని బాధపడతాడనుకున్నాను. మా సార్‌కి మాత్రం కళ్ళు చెదిరాయి. జుట్టుకి రంగేసుకుని స్టేషన్ల గుమ్మాల్లో తిరగడం మొదలుపెట్టాడు. మా మొదటి పేజీలో ఉండే ప్రాంతీయ వార్తలు కిందికి జారిపోయాయి. పైన ఆ పిల్లల ఫోటోలు వచ్చాయి. ఎవరికి ఏ ఐస్‌క్రీమ్ ఇష్టమో రాయమని నాకు చెప్పాడు. రాశాను. వాళ్ళు చెప్పింది చెప్పినట్టే రాశాను. వనిల్లా అంటే వనిల్లా అనే రాశాను.

అప్పుడే పేర్ల పేజీ అనే గొప్ప ఆలోచన కూడా పుట్టింది. దాని సంగతి చెప్పాలంటే మన శ్రోతల సంఘాల సంగతి చెప్పాలి. పాట కావాలని కార్డు రాసేటప్పుడు ఇంట్లోవాళ్ళ పేర్లన్నీ, పక్కింటివాళ్ళ పేర్లన్నీ, ఒక్కోసారి ఇంకా పేరు పెట్టని మనవడిని కూడా చేర్చి రాసేవాళ్ళు మనవాళ్ళు. పాట ఎవరికీ అక్కర్లేదు. పాట మొదలవగానే రేడియో కట్టేసి, "విన్నావా, మన పేరొచ్చింది" అని వీధిలోకి వచ్చేవాళ్ళు. రేడియోలో అన్ని పేర్లూ చదవరు కదా. మిగిలినవన్నీ మనం వేస్తాం, ప్రతి సంఘమూ చందా కడుతుంది అన్నాడు సార్.

"వార్తలెవరు చదువుతారు సిస్టర్ గారూ? పేర్లు కొట్టండి. మనిషికి తన పేరు చూసుకున్నంత సంబరం ఇంకోటి లేదు."

ఆ మాటలో ఆయన అబద్ధం ఆడలేదు. నలుగురూ చూడాలని వీధి మొగలో నిలబడి ప్రార్థన చేసేవాళ్ళ గురించి మేము చిన్నప్పుడే బైబిల్లో నేర్చుకున్నాం. వాళ్ళ సంతతి కృష్ణా జిల్లాలో ఇంతమంది ఉన్నారని మాత్రం ఆ పేజీ చేశాకే తెలిసింది. సంచుల్లో వచ్చేవి పేర్లు. ఇనిషియల్ తప్పుపడితే ఫోన్ మోగేది. చెల్లెలి పేరు తన పేరుకన్నా పైన వచ్చిందని ఒకాయన మేడెక్కి వచ్చి తగువాడాడు.

అయితే ఆ గొప్ప ఆలోచనలో ఒక చిన్న తెలివితక్కువతనం ఉంది. పేర్ల పేజీ కూడా పాస్‌వర్డ్ వెనకే. పేరు పదిమందికీ కనపడాలని చందా కట్టినవాడికి, ఆ పేరు తను ఒక్కడే చూసుకునేలా తలుపు వేసి చూపించాం. కంకిపాడు సంఘం అధ్యక్షుడు దీనికి ఒక మార్గం కనిపెట్టాడు. నెట్ సెంటర్లో ఆ పేజీ ప్రింటు తీయించి, సెంటర్లో గోడ మీద సినిమా పోస్టర్ల పక్కన అతికించాడు. ఊరంతా చదివింది. చదివిన ఊరిలో ఇంకెవరూ చందా కట్టలేదు. ఈ కబురు తెలిసి మా సార్ ఆటో కట్టించుకుని కంకిపాడు పోయాడు. పేర్లు సరిచూడడానికి నన్ను కూడా ఎక్కించుకున్నాడు. ఆయన గోడ మీద కాగితం గీకడం మొదలుపెట్టగానే అధ్యక్షుడు కిళ్ళీ నములుతూ వచ్చాడు.

"ఏందయ్యా చింపుతున్నావు?"

"ఇది దొంగతనమండీ. చందాదారులు మాత్రమే చూడాలి."

"చందా కట్టింది నేనే గదా. నా పేరు నేను దాచుకోడానికి నీకు చందా ఎందుకు కట్టాలయ్యా? ఇంట్లో బీరువా లేదా?"

చుట్టూ చేరినవాళ్ళు నవ్వారు. ఒక ముసలాయన, "పోనీ సగం చించు, ఈయన బావమరిది పేరున్న సగం" అన్నాడు. తన సైటుకి ఊరికే దొరికిన ప్రచారాన్ని గోళ్ళతో గీకేసుకుని మా సార్ తిరిగొచ్చాడు. దారి పొడుగునా జనం చదువులేనివాళ్ళని తిట్టాడు. జనం చదవబట్టే ఆయనకి ఆ కష్టం వచ్చింది.

పేర్లు పెరిగేసరికి మధ్యాహ్నం నాకు వార్తలు వినే తీరిక ఉండకూడదని నిర్ణయించాడు. పొద్దుటి పేపరు ముందేసుకుని ప్రాంతీయ వార్తలు తనే తయారు చేస్తానన్నాడు. రేడియో కూడా అదే చెబుతుంది కదా అన్నాడు. చెప్పదండీ, పొద్దుట్నించి మధ్యాహ్నానికి సంగతులు మారతాయి, రేడియో చెప్పనిదాన్ని రేడియో చెప్పిందని రాయకూడదు అన్నాను. "ఆ కాగితం చదివేవాళ్ళెవరు, వాళ్ళలో రేడియో కూడా వినేవాళ్ళెవరు?" అని అడిగాడు. కొండపల్లి వాళ్ళని గుర్తు చేశాను. ఒక్క చెవిటాయన కోసం వ్యాపారం నడపలేనన్నాడు. పేజీ పేరు మాత్రం మార్చలేదు. మధ్యాహ్నం ప్రాంతీయ వార్తలు, ఉన్నవి ఉన్నట్టు. పేరు మార్చండని ఎన్నిసార్లు అడిగినా చిన్నపిల్ల మారాం చేస్తున్నట్టు చూశాడు.

తుపాను వచ్చిన వారం అది. సముద్రంలోకి వెళ్ళిన పడవలు కొన్ని తిరిగి రాలేదని పొద్దుటి పేపర్లో వచ్చింది. మధ్యాహ్నం రేడియో, పడవలన్నీ ఒడ్డుకు చేరాయని చెప్పింది. మా సైటులో సాయంత్రం వరకూ పడవలు రాలేదనే ఉంది. పేర్ల పేజీ కొడుతున్న నేను ఇవేవీ చూడలేదు. తర్వాత తెలుసుకున్నాను.

ఎలా తెలిసిందంటే, కొద్ది రోజులకి కొండపల్లి ఆయన మళ్ళీ మేడెక్కాడు. ఈసారి ఒక్కడే. చేతిలో మా సైటు ప్రింటు ఉంది. గొంతు మునుపటిలా దద్దరిల్లలేదు. తగ్గించి మాట్లాడాలని ప్రయత్నిస్తున్నాడు. తన గొంతు వినపడని మనిషి గొంతు తగ్గించుకోవడం చూడడానికి కష్టంగా ఉంటుంది.

ఆ పడవల్లో ఆయన భార్య తమ్ముడు ఉన్నాడట. మధ్యాహ్నం ఆవిడ రేడియోలో విని సంతోషంతో పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పింది. పడవలు అన్న మాట ఆయన ఆవిడ పెదాల మీద పోల్చుకున్నాడు గానీ ఏమయ్యాయో అందలేదు. సాయంత్రం మా కాగితం తెచ్చుకుని చదివి, ఆవిడ భుజం మీద చెయ్యేసి, ఇంకా రాలేదటనే, ధైర్యంగా ఉండు అన్నాడు. కాగితం చూపించాడు. ఆవిడ అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. సాయంత్రం వచ్చిన కాగితం మధ్యాహ్నం విన్నదానికన్నా కొత్త కబురనుకుంది. తన చెవులతో విన్నది వదిలేసి అచ్చులో ఉన్నది నమ్మింది. మర్నాడు పల్లె నుంచి ఫోన్ వచ్చేదాకా తమ్ముడు పోయాడనే ఏడ్చింది.

"ఫోనొచ్చాక నన్ను తిట్టింది," అన్నాడాయన. "తిట్టినా బాగుండేదండీ రోజూ. ఇప్పుడు మాట్లాడ్డం మానేసింది. మధ్యాహ్నం రేడియో పెట్టుకుని అటు తిరిగి కూర్చుంటుంది. నాకు పెదాలు కనపడకుండా. నేను కావాలని ఏడిపించాననుకుంటుందేమో. కాగితంలో పడింది తప్పో, దానికి వినపడింది తప్పో, నాకు తెలవాలి. రేడియో ఆ రోజు ఏం చెప్పిందండీ? ఆ ఒక్కటీ చెప్పండి చాలు."

సార్ ఒక చీటీ తీసి గబగబా రాసి ఆయన ముందు పెట్టాడు. రేడియో చెప్పిందే రాశాం. మీ ఆవిడ కంగారులో సరిగా విని ఉండరు.

ఆయన అది చదివాడు. కోపం తెచ్చుకోలేదు. అలాగా అన్నట్టు తలూపి, నా వైపు చూశాడు. ఆ చూపులో అనుమానం కూడా లేదు. ఇంటికి పోయి, తప్పు నీదేనే అని భార్యతో చెప్పడానికి సిద్ధపడుతున్న మనిషి చూపు అది.

నేను లేచి వెళ్ళి అదే చీటీ మీద, సార్ రాసినదాని కింద రాశాను. అమ్మగారు విన్నదే నిజం. పడవలు వచ్చాయనే రేడియో చెప్పి ఉంటుంది. ఈ పేజీలో ఉన్నది రేడియో వార్త కాదు, పొద్దుటి పేపర్లోది. చాలా రోజులుగా ఇలాగే జరుగుతోంది.

ఆయన రెండు చేతిరాతల్నీ మార్చి మార్చి చూశాడు. చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "వస్తానమ్మా" అని, సార్ వంక చూడకుండా మెట్లు దిగిపోయాడు.

"మీకు జీతమిచ్చేది నేనా, మీ పాస్టరు గారా?" అన్నాడు సార్.

"మీరేనండి. సాక్ష్యం మాత్రం మీ దగ్గర జీతానికి లేదు."

ఆ సాయంత్రంతో నా ఉద్యోగం అయిపోయింది. మా అమ్మ కంగారుపడింది గానీ మందిరంలో ఎవరూ తప్పు అనలేదు. నాకైతే ఒక్క క్షణం కూడా విచారం కలగలేదు. అబద్ధానికి టైపిస్టుగా ఉండడం కన్నా ఇంట్లో బియ్యం ఏరుకోవడం మేలు.

సైటు తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. ఎఫ్ఎంకి ఫోన్లో మెసేజ్ పెడితే పేరు అప్పటికప్పుడే చదువుతున్నారని తెలిశాక శ్రోతల సంఘాలన్నీ అటు పోయాయి. కంకిపాడు అధ్యక్షుడు అందరికన్నా ముందు పోయాడట. పొద్దున పేపర్లో చదివిందే సాయంత్రం మళ్ళీ చదవడానికి హైదరాబాదు వాళ్ళకి పిచ్చి లేదు, వాళ్ళూ మానేశారు. ఐస్‌క్రీమ్ పిల్లలు వేరే ఊళ్ళకి మారిపోయారు. ఒకసారి నెట్ సెంటర్లో కుతూహలం కొద్దీ తెరిచి చూశాను. పాస్‌వర్డ్ అడిగింది. నాకు గుర్తున్నది కొడితే తెల్లటి ఖాళీ పేజీ వచ్చింది. ఇల్లు పడిపోయినా తలుపూ తాళమూ నిలబడే ఉన్నాయి. మా సార్ మొదటి నుంచీ కట్టింది అదేనేమో అనిపించింది.

నాకు మిగిలిన బెంగ ఒక్కటే. కొండపల్లిలో మా పక్క సంఘం వాళ్ళ ప్రార్థన కూటాలకి వెళ్ళినప్పుడు, అడ్రసు కనుక్కుని వాళ్ళింటికి వెళ్ళాను. ఆ చీటీ చూసి ఆవిడ ఏమందో తెలియాలి.

వెళ్ళేసరికి మధ్యాహ్నం వార్తలు వస్తున్నాయి. ఆవిడ నన్ను చూసి, కూర్చోమని చేత్తో చూపించి, మళ్ళీ రేడియో వైపు తిరిగింది. ఆయన ఆవిడకి ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు. ఆవిడ ఒళ్ళో పలక ఉంది. ఒక వార్త మొదలవగానే బలపంతో ఒక్క మాట రాసింది. కాలువ. ఆయన అది చూసి ఆవిడ పెదాల మీదికి చూపు తిప్పాడు. రేడియో చెబుతున్నది ఆవిడ గొంతు లేకుండా పెదాలతో చెప్పుకుంటూ పోయింది. ఆయన మధ్యలోనే అందుకున్నాడు.

"అబద్ధం. చివరి పొలాలకి ఏనాడు అందినయ్యి నీళ్ళు?"

"రేడియో చెప్పింది చెబుతున్నా. నీ పొలమా ఏంటి అది?"

"ఎవరి పొలమైతే ఏంటి, అబద్ధం అబద్ధమే."

ఆవిడ పలక తుడిచి ఇంకో మాట రాసింది. వార్తలు అయ్యేదాకా, అయ్యాక కూడా, ఇద్దరూ పోట్లాడుకుంటూనే ఉన్నారు. ఏ వార్తో ముందు ఒక్క మాట రాసి చూపిస్తే చాలన్న ఇంత చిన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. చందా, పాస్‌వర్డ్, ఫాంటు, ఫ్లాపీ, మేడ మీద ఆఫీసు, ఇన్ని పెట్టుకుని మేము వాళ్ళకి చేసింది చివరికి ఏడిపించడం.

చీటీ సంగతి ఆవిడే ఎత్తింది. "అది చూసి ఏమనను? చెవిటి మనిషి మీద అలిగి కూర్చున్నాను, నాకు బుద్ధి లేక. అలిగినట్టు కూడా ఆయనకి వినపడదు కదండీ" అని నవ్వింది.

నేను బయల్దేరుతుంటే ఆయన గుమ్మం దాకా వచ్చాడు. మునుపటి గొంతే, వీధి మొత్తం వినపడేలా.

"ఆ సైటు మళ్ళీ పెడితే కబురు చెయ్యమ్మా. నువ్వు రాసేటట్టయితే చందా కడతా."

ఆవిడ లోపలి నుంచి పలక తెచ్చి, ఒక్క మాట రాసి, ముందు ఆయనకీ తర్వాత నాకూ చూపించింది.

వద్దు.

నేను నవ్వి రైల్వే స్టేషన్ వైపు నడిచాను.